శివారు దాకా మందు చేరిందా? పంటి వేరులో పెట్టే మందుల్ని ల్యాబ్‌లో పోల్చి చూసే పద్ధతి

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదలగానే పెద్ద కాలవ ఒడ్డుల దాకా పారుతుంది. అయినా శివారు రైతు తన చేలోకి వెళ్లి చూసుకుంటే తప్ప నీళ్లొచ్చాయని నమ్మడు. పెద్ద కాలవ నుంచి పిల్ల కాలవ, దాన్నుంచి బోదె, బోదెలోంచి మడిలోకి నీళ్లెక్కాలి. మధ్యలో ఎక్కడ గండి పడినా, గుర్రపుడెక్క అడ్డం పడినా శివారు ఎండిపోతుంది.

పంటి వేరు కూడా ఇలాగే ఉంటుంది. ఎక్స్‌రేలో మనకి కనిపించే కెనాల్ పెద్ద కాలవ అనుకోండి. దాని గోడంతా డెంటిన్ అనే గట్టి పదార్థం. ఆ డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్న గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. లోపలి వైపు సుమారు రెండున్నర మైక్రాన్ల వెడల్పుతో మొదలై, బయటికి పోయేకొద్దీ ఒక మైక్రాన్ దాకా సన్నబడతాయి. బాక్టీరియా ఆ గొట్టాల్లో దూరి కూర్చుంటుంది. కెనాల్‌ని గీకి శుభ్రం చేసే ఫైలు అక్కడికి పోదు. మందే పోవాలి.

నేను ఈ డెల్టాలోనే ప్రాక్టీస్ చేస్తూ, ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చదివే పిల్లలకి థీసిస్ పనిలో సాయం చేస్తుంటాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా వచ్చి అడుగుతారు: "మేడమ్, రూట్ కెనాల్‌లో పెట్టే మందుల మీద చేస్తున్నానండి. ఏది గెలుస్తుందంటారు?" శివారులో కొలిస్తేనే ఆ ప్రశ్నకి నమ్మదగ్గ జవాబు దొరుకుతుంది. అలా కొలవడం ఎలాగో వరసగా చెబుతాను. మీరు థీసిస్ చేస్తున్నా, వేరేవాళ్లు చేసిన పరిశోధన చదివి క్లినిక్‌లో మందు ఎంచుకోవాలనుకున్నా ఇవే మెట్లు పనికొస్తాయి.

ముందు ప్రశ్న తేల్చుకోండి

కెనాల్‌ని కడిగే ద్రవం వేరు, కెనాల్‌లో పెట్టి సీలు వేసి పంపించే మందు వేరు. సోడియం హైపోక్లోరైట్ మొదటి రకం. అది నిమిషాల్లో పని చేయాలి, కుళ్లిన పల్ప్‌ని, అంటే పంటి లోపలి మెత్తటి కణజాలాన్ని, కరిగించాలి. కాల్షియం హైడ్రాక్సైడ్ రెండో రకం. రోజుల తరబడి లోపలే ఉండి నెమ్మదిగా పని చేస్తుంది. ఈ రెండింటినీ ఒకే టేబుల్లో పక్కపక్కన పెట్టి మార్కులు వేసిన థీసిస్‌లు చూశాను. దయచేసి మీరు ఆ పని చేయకండి.

తర్వాత, ఏ ఇన్ఫెక్షన్ గురించి అడుగుతున్నారో తేల్చుకోండి. బాక్టీరియా లేకపోతే పల్ప్ బయటపడ్డా వేరు చివర జబ్బు రాదని 1965లో కాకెహాషి, ఆయన సహచరులు క్రిములే లేకుండా పెంచిన ఎలుకల్లో చూపించారు. అయితే ఏ బాక్టీరియా అన్నది పన్నుని బట్టి మారుతుంది. మొదటిసారి పుచ్చి చీము పట్టిన పన్నులో రకరకాల క్రిములు కలిసి ఉంటాయి. వాటిలో గాలి పడని అనెరోబ్‌లే ఎక్కువ. ఇంతకుముందు రూట్ కెనాల్ చేసినా మళ్లీ వాచిన పన్నులో ఎంటెరోకాకస్ ఫీకాలిస్ తరచుగా దొరుకుతుంది. ల్యాబుల్లో అందరూ దీన్నే వాడడానికి కారణముంది. ఇది తేలిగ్గా పెరుగుతుంది, గొట్టాల్లోకి లోతుగా దూరుతుంది, తిండి లేకపోయినా చాలాకాలం బతుకుతుంది. దీని మీద వచ్చిన ఫలితం రీట్రీట్‌మెంట్ పన్నుకి దగ్గరగా ఉంటుంది. మొదటిసారి వచ్చిన పిప్పి పన్నుకి దాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు.

ప్రశ్నని ఒక్క వాక్యంలో కాగితం మీద రాసి టేబుల్ ముందు అంటించుకోండి. ఉదాహరణకి: "ఎంటెరోకాకస్ ఫీకాలిస్ 21 రోజులు పెరిగిన డెంటిన్‌లో, 1, 3, 7 రోజుల తర్వాత, కాల్షియం హైడ్రాక్సైడ్, 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ జెల్, ట్రిపుల్ యాంటీబయాటిక్ పేస్ట్, ఈ మూడింటిలో దేని తర్వాత తక్కువ క్రిములు మిగిలాయి?" ఇందులో క్రిమి, చోటు, రోజులు, మందులు అన్నీ ఉన్నాయి.

మందుల్ని దగ్గర్నుంచి తెలుసుకోండి

కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే మనం తాంబూలంలో రాసుకునే సున్నమే, శుద్ధి చేసిన రూపంలో. జర్మనీలో హెర్మన్ 1920లో దీన్ని దంతవైద్యంలోకి తెచ్చాడు. క్షార బలాన్ని చెప్పే పీహెచ్ దీనికి సుమారు 12.5. ఆ క్షారం తగిలితే చాలా క్రిములు చచ్చిపోతాయి. చచ్చిన క్రిముల గోడల్లోంచి వచ్చే ఎండోటాక్సిన్ విషాన్ని కూడా ఇది విరిచేస్తుంది. ఆ గుణం అన్ని మందులకీ లేదు. దీని ఇబ్బంది ఏమిటంటే, నీళ్లలో చాలా తక్కువ కరుగుతుంది. పైగా క్షారాన్ని డెంటిన్ మింగేస్తుంది. కెనాల్లో 12.5 ఉన్న పీహెచ్ గొట్టాల లోతుల్లోకి పోయేసరికి బాగా పడిపోతుంది. ఫీకాలిస్ చావాలంటే పీహెచ్ 11.5కి పైన నిలవాలి. అంతకన్నా తక్కువైతే ఆ క్రిమి తన ఒంట్లోకి ప్రోటాన్లు పంపు చేసుకుని తట్టుకుంటుంది. 1987లో హాపసలో, ఓర్‌స్టావిక్ అనే పరిశోధకులు పశువుల పంటి డెంటిన్ మీద ఈ పరీక్ష చేసినప్పుడు గొట్టాల్లోని ఫీకాలిస్‌ని కాల్షియం హైడ్రాక్సైడ్ చంపలేకపోయింది. మనమంతా ఇప్పటికీ చేస్తున్న డెంటిన్ బ్లాక్ పద్ధతి వాళ్లదే.

క్లోర్‌హెక్సిడిన్‌ని 2 శాతం జెల్‌గా వాడతారు. దీనికున్న గొప్ప గుణం డెంటిన్‌కి అంటుకుని ఉండిపోవడం. తీసేసిన తర్వాత కూడా కొంతకాలం కొద్దికొద్దిగా వదులుతూ పని చేస్తుంది. ఫీకాలిస్ మీద డెంటిన్ బ్లాక్ పరీక్షల్లో ఇది కాల్షియం హైడ్రాక్సైడ్ కన్నా బాగా పని చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ కుళ్లిన కణజాలాన్ని కరిగించదు. హైపోక్లోరైట్ ఇంకా కెనాల్లో ఉండగా ఇది తగిలితే ఇటుక రంగు మడ్డి దిగి గొట్టాల మూతులు మూసుకుపోతాయి. అందుకే రెండింటి మధ్య సెలైన్‌తో బాగా కడిగి, పేపర్ పాయింట్లతో (తడి పీల్చే సన్న కాగితపు పుల్లలు) ఆరబెట్టాలి.

ట్రిపుల్ యాంటీబయాటిక్ పేస్ట్‌లో మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, మినోసైక్లిన్ ఉంటాయి. జపాన్‌లో హోషినో బృందం 1996లో దీని మీద పని ప్రచురించింది. అనెరోబ్‌ల మీద మెట్రోనిడజోల్ బాగా పని చేస్తుంది, ఫీకాలిస్ మీద మాత్రం పని చేయదు. అక్కడ భారమంతా మిగతా రెండింటి మీదే పడుతుంది. మినోసైక్లిన్ వల్ల పన్ను నల్లబడుతుంది. ముందు పళ్లలో పెట్టి, ఆరు నెలల తర్వాత తల్లిదండ్రులు పిల్లవాడి పన్ను చూపించి అడిగితే మన దగ్గర జవాబుండదు. అందుకే చాలామంది మినోసైక్లిన్ తీసేసి రెండు మందులే కలుపుతున్నారు. వేరు పూర్తిగా పెరగని పిల్లల పళ్లలో, అక్కడి మూలకణాలు దెబ్బ తినకుండా చాలా పల్చగా, మిల్లీలీటరుకి మిల్లీగ్రాముల లెక్కలో కలపాలి. ముద్దలా నూరి పెట్టకూడదు.

యాంటీబయాటిక్ విషయంలో ఇంకో మాట. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఇష్టానుసారం యాంటీబయాటిక్ కొడితే ఏమవుతుందో మన రైతులకి తెలుసు. పంటిలో పెట్టేది చిన్న మోతాదే కావచ్చు. అయినా మామూలు మందుతో పోయే చోట యాంటీబయాటిక్ పెట్టడం నాకు నచ్చదు.

ఇక వేప, త్రిఫల, పసుపు, తొగరు (నోని) పండు రసం. వీటి మీద మన దేశంలో చాలా థీసిస్‌లు వచ్చాయి. చేయొద్దనను. చేస్తే మాత్రం మూడు విషయాలు చూడండి. ఆకు ఎక్కడిది, ఎలా ఎండబెట్టారు, ఏ ద్రావకంలో తీశారు, అంతా రాయండి. ఆల్కహాల్లోనో డీఎంఎస్ఓలోనో కరిగిస్తే, ఆ ద్రావకం ఒక్కదాన్నే పెట్టి ఇంకో గ్రూపు తప్పకుండా ఉంచండి. లేకపోతే క్రిమిని చంపింది వేపో ఆల్కహాలో మీకే తెలియదు. చివరిగా, పంటికి రంగు పడుతుందేమో చూడండి. పసుపు సంగతి వేరే చెప్పాలా.

ఫార్మోక్రిసాల్ దూదిలో తడిపి పెట్టడం ఒకప్పుడు మామూలు పద్ధతి. కొన్ని పాత క్లినిక్కుల్లో ఆ సీసా ఇంకా కనిపిస్తుంది. అందులో ఉన్నది ఫార్మాల్డిహైడ్. క్రిమితో పాటు వేరు చివర కణజాలాన్నీ కాలుస్తుంది. పోలికలో పెట్టడానికి కూడా నాకు మనసు ఒప్పదు.

ప్లేటు మీద చేస్తే చాలదా?

క్రిముల్ని పెంచే అగార్ ప్లేటు మీద గుంట చేసి మందు వేసి, చుట్టూ క్రిములు పెరగని వలయాన్ని స్కేలుతో కొలవడం తేలిక, ఖర్చూ తక్కువ. మూడు రోజుల్లో అయిపోతుంది. కానీ ఆ వలయం మందు ఎంత బలమైనదో చెప్పడం కన్నా అగార్‌లో ఎంత బాగా పాకుతుందో ఎక్కువ చెబుతుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ సరిగ్గా కరగదు కాబట్టి అక్కడ ఎప్పుడూ చిన్న వలయమే. పైగా ప్లేటులో డెంటిన్ ఉండదు. 2000లో వచ్చిన ఒక ముఖ్యమైన పరిశోధనలో మందులకి డెంటిన్ పొడి కలిపి చూశారు. కాల్షియం హైడ్రాక్సైడ్ ద్రావణం పూర్తిగా పని చేయడం మానేసింది. క్లోర్‌హెక్సిడిన్, అయోడిన్ కూడా ఎంతో కొంత దెబ్బ తిన్నాయి. ప్లేటు పరీక్ష మొదట జల్లెడ పట్టడానికి పనికొస్తుంది. అసలు తీర్పు డెంటిన్‌లోనే రావాలి.

పళ్లు సేకరించండి

ముందుగా మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. క్లిప్పుల వైద్యం కోసం తీసేసిన ప్రీమోలార్లు (కోర పన్నుకి, పెద్ద దవడ పళ్లకి మధ్య ఉండేవి) బాగుంటాయి. కింది దవడవి అయితే ఎక్కువగా ఒకే వేరు, ఒకే కెనాల్ ఉంటాయి. చిన్న వయసు వాళ్లవి కాబట్టి గొట్టాలు తెరుచుకుని ఉంటాయి. ముసలివాళ్ల పళ్లలో గొట్టాలు పూడిపోతాయి. రెండు రకాలూ కలిపేస్తే ఫలితం గందరగోళమవుతుంది. ప్రతి పంటికీ రెండు వైపుల నుంచి ఎక్స్‌రే తీసి, ఒకే కెనాల్ అని ఖాయం చేసుకోండి.

తీసిన పళ్లని 0.1 శాతం థైమాల్ ద్రావణంలో ఉంచండి. ఫార్మలిన్‌లో వేసిన పన్ను ఈ పనికి పనికిరాదు. సిల్వర్ ఫిల్లింగ్ ఉన్న పన్నుని పక్కన పెట్టండి. ఆటోక్లేవ్‌లో పెడితే పాదరసం ఆవిరి వస్తుంది.

బ్లాకులు తయారు చేయండి

డైమండ్ డిస్క్‌తో నీళ్లు పోస్తూ పంటి తల, వేరు చివర కోసేసి, మధ్యలో 6 మిల్లీమీటర్ల ముక్క తీసుకోండి. కెనాల్‌ని 3వ నంబరు గేట్స్ గ్లిడెన్ డ్రిల్‌తో వెడల్పు చేయండి. దాని వ్యాసం 0.9 మిల్లీమీటర్లు. ఇప్పుడు అన్ని ముక్కల్లోనూ కెనాల్ ఒకే సైజు. తర్వాత 17 శాతం ఈడీటీఏలో, ఆపైన హైపోక్లోరైట్‌లో అయిదేసి నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో ఉంచండి. డ్రిల్ చేసినప్పుడు గోడకి మెత్తిన స్మియర్ లేయర్ పోయి గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. బాగా కడిగి, 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడితో 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి. కొన్ని ముక్కల్ని ఊరికే బ్రాత్‌లో (క్రిములు పెరిగే ద్రవం) వేసి ఒక రోజు ఇంక్యుబేటర్‌లో పెట్టి చూడండి. బ్రాత్ తేటగా ఉండాలి.

ఇక్కడ ఒక లెక్క దగ్గర ఆగుదాం, ఎందుకంటే చాలామంది చూసి రాసేస్తారు. చివర్లో డెంటిన్ పొడి తీయడానికి 4వ నంబరు, 5వ నంబరు డ్రిల్లులు వాడతాం. వాటి వ్యాసాలు 1.1, 1.3 మిల్లీమీటర్లు. థీసిస్‌లలో వీటిని "200 మైక్రాన్ల లోతు, 400 మైక్రాన్ల లోతు" అని రాస్తుంటారు. ఒకసారి కాగితం మీద గుండ్రం గీసి చూడండి. 0.9 నుంచి 1.1కి వ్యాసం 0.2 పెరిగింది. ఆ 0.2 రెండు వైపులకీ పంచుకోవాలి. అంటే ఒక్కో గోడలో లోతు 0.1 మిల్లీమీటరు, 100 మైక్రాన్లు. 5వ నంబరుతో 200 మైక్రాన్లు. మీరు వెళ్లింది శివారు దాకా అనుకుంటున్నారు, సగం దూరంలోనే ఆగారు. లోతు ఎంతో నిజంగా రాయండి.

క్రిమిని లోపలికి ఎక్కించండి

ఎంటెరోకాకస్ ఫీకాలిస్‌లో ఏటీసీసీ 29212 (అమెరికా క్రిముల భాండాగారం ఇచ్చిన నంబరు) ప్రామాణిక రకం. మన దేశంలో ఇలాంటి ప్రామాణిక క్రిములు చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే క్రిముల భాండాగారం నుంచి వస్తాయి. బ్రెయిన్ హార్ట్ ఇన్‌ఫ్యూజన్ బ్రాత్‌లో పెంచి, క్రిముల సంఖ్యని మసకతో అంచనా వేసే మెక్‌ఫార్లండ్ కొలతలో 0.5కి సరిపెట్టండి. అంటే మిల్లీలీటరుకి సుమారు 15 కోట్లు. ముక్కల్ని అందులో ముంచి 37 డిగ్రీల దగ్గర 21 రోజులు ఉంచాలి. రెండు మూడు రోజులకోసారి తాజా బ్రాత్ మార్చాలి. మార్చిన ప్రతిసారీ ఒక లూపుతో తీసి గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడండి. ఊదా రంగు గుండ్రాలు జంటలుగా, పొట్టి గొలుసులుగా కనిపించాలి. కెటలేజ్ పరీక్షలో బుడగలు రాకూడదు. బైల్ ఎస్క్యులిన్ అగార్ నల్లబడాలి. పొడుగు కడ్డీలు ఒక్కటి కనిపించినా ఆ గిన్నె మొత్తం పారేయండి. జాలి పడకండి.

మన ప్రాంతంలో ఈ 21 రోజులూ పెద్ద టెన్షన్. మామూలు ఇంక్యుబేటర్ వేడి మాత్రమే చేయగలదు, చల్లబరచలేదు. మే నెలలో ల్యాబు గది 40 దాటితే లోపల 37 నిలవదు. తుఫాను రోజుల్లో కరెంటు పోతే 37 కన్నా కిందికి పడిపోతుంది. కాబట్టి పనిని నవంబరు చివర మొదలుకుని ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. ఇన్వర్టర్ లైను ఇంక్యుబేటర్‌కి వచ్చేలా చూసుకోండి. లోపల విడిగా ఒక థర్మామీటర్ పెట్టి పొద్దున, సాయంత్రం రాయండి. డిస్‌ప్లేలో కనిపించే అంకెని నమ్మకండి. 21 రోజుల తర్వాత ఒకటి రెండు ముక్కలు నిలువునా చీల్చి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి పంపిస్తే, గొట్టాల్లో క్రిములు నిజంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. దీనికి వేరే ఊరు పంపాల్సి రావచ్చు. ఖర్చయినా చేయించండి.

మందు పెట్టండి

మార్టేరు వరి పరిశోధన స్థానం వాళ్లు కొత్త వంగడాన్ని స్వర్ణతో పోల్చేటప్పుడు స్వర్ణని మెరక చేలో, కొత్తదాన్ని పల్లపు చేలో వేయరు. ఒకే చేను, ఒకే ఎరువు, ఒకే నీరు, మడులు చీటీలు తీసి పంచుతారు. మీరూ ముక్కలన్నింటికీ నంబర్లు వేసి, కంప్యూటర్లో యాదృచ్ఛికంగా పంచండి. చేతికి వచ్చినవి వచ్చినట్టు తీస్తే, తెలియకుండానే మంచి ముక్కలు ఒక గ్రూపులోకి చేరతాయి.

మూడు మందులు, పోలిక కోసం మందు లేకుండా సెలైన్ మాత్రమే పెట్టిన కంట్రోల్ ఒకటి, మొత్తం నాలుగు గ్రూపులు. 1, 3, 7 రోజులు. ఒక ముక్కని ఒకసారి డ్రిల్ చేశాక మళ్లీ వాడలేం, కాబట్టి ప్రతి రోజుకీ విడి ముక్కలు కావాలి. గ్రూపుకి పది చొప్పున అనుకుంటే 120 ముక్కలు. ఈ పది అన్నది ఉదాహరణకే. ముందు చిన్న పైలట్ చేసి, తేడా ఎంత వస్తుందో చూసి, స్టాటిస్టిక్స్ వాళ్లతో కూర్చుని సంఖ్య తేల్చండి. వీటితో పాటు క్రిమి ఎక్కించని ముక్కలు కొన్ని చివరిదాకా ఉంచండి.

కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని, సెలైన్‌ని తూచి కలపండి. సీసా మూత తీసి వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి అది సుద్దగా మారిపోతుంది. సున్నపు కాయలో సున్నం గట్టిపడడం మీరు చూసే ఉంటారు, అదే జరుగుతుంది. ప్రతి బ్యాచ్ కలిపాక పీహెచ్ స్ట్రిప్ ముంచి చూసి రాసుకోండి. మందు కెనాల్ నిండా పట్టాలి, మధ్యలో గాలి బుడగ ఉండకూడదు. రెండు వైపులా మైనంతో మూసి, తడి ఆరకుండా 37 డిగ్రీల దగ్గర పెట్టండి.

మందు తీసేయండి, దాని నోరు మూయండి

ఈ మెట్టు దగ్గరే నేను పీజీలో ఉండగా దెబ్బ తిన్నాను. మొదటి రోజు ప్లేట్లు తీసి చూస్తే క్లోర్‌హెక్సిడిన్ గ్రూపులో ఒక్క కాలనీ (క్రిములు పెరిగి కంటికి కనిపించే చుక్క) లేదు. పది ప్లేట్లు అద్దంలా ఉన్నాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. వారం తర్వాత మా మైక్రోబయాలజీ మేడమ్ ఒక్క ప్రశ్న అడిగారు: "న్యూట్రలైజర్ ఏం వాడావమ్మా?" అంటే మిగిలిన మందుకి విరుగుడు. ఏమీ వాడలేదు. డెంటిన్ పొడితో పాటు అందులో అంటుకున్న మందు కూడా ట్యూబులోకి, అక్కణ్నుంచి ప్లేటు మీదికి వచ్చింది. క్రిములు పంటిలో చచ్చాయో, ప్లేటు మీద పెరగలేక ఊరుకున్నాయో చెప్పే దారి లేదు. ఆ గ్రూపు మొత్తం మళ్లీ చేశాను. 21 రోజుల పెంపకంతో సహా.

మీరు అలా చేయకండి. ముందు మందుని సెలైన్‌తో పూర్తిగా కడిగేయండి. తర్వాత ఒక్కో మందుకి దాని విరుగుడు వాడండి. క్లోర్‌హెక్సిడిన్‌కి ట్వీన్ 80, లెసిథిన్ కలిపిన ద్రావణం. కాల్షియం హైడ్రాక్సైడ్‌కి పల్చని సిట్రిక్ ఆసిడ్. మధ్యలో ఎక్కడైనా హైపోక్లోరైట్ వాడి ఉంటే సోడియం థయోసల్ఫేట్. యాంటీబయాటిక్‌లకి ఇలాంటి సులువైన విరుగుడు లేదు. పొడిని సెలైన్‌లో కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైద్రవం పారేసి, రెండు మూడుసార్లు కడగాలి. ఆ విరుగుడు తనంతట తాను క్రిమిని చంపడం లేదని కూడా విడిగా పరీక్షించండి. మందు తగలని క్రిమికి విరుగుడు మాత్రమే పోసి ప్లేటు వేస్తే కాలనీలు మామూలుగానే రావాలి.

పొడి తీసి లెక్కపెట్టండి

ముందే తూచిన ట్యూబులోకి 4వ నంబరు డ్రిల్ పొడి, వేరే ట్యూబులోకి 5వ నంబరు పొడి పట్టండి. ప్రతి ముక్కకీ స్టెరైల్ డ్రిల్ మార్చండి. ట్యూబు మళ్లీ తూచి పొడి బరువు రాసుకోండి. ఒకదాంట్లో రెండు మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో అయిదు పడితే క్రిముల లెక్క పోల్చలేం. మిల్లీగ్రాముకి ఎన్ని అని చెప్పాలి.

ఒక మిల్లీలీటరు సెలైన్‌లో కలిపి, పదింతలు పదింతలుగా పల్చన చేసుకుంటూ, ఒక్కోదాన్నుంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద పరవండి. 30 నుంచి 300 కాలనీలు ఉన్న ప్లేటునే లెక్కించండి. ఉదాహరణకి కంట్రోల్ గ్రూపులో వెయ్యింతలు పల్చన చేసిన ప్లేటులో 84 కాలనీలు వచ్చాయనుకోండి. 84ని 10తో, మళ్లీ 1000తో గుణిస్తే మిల్లీలీటరుకి 8,40,000. మందు పెట్టినదాంట్లో పదింతలు పల్చన చేసిన ప్లేటులో 42 వచ్చాయి. అంటే 4,200. రెండు ట్యూబుల్లోనూ పొడి బరువు ఒకటే అనుకుందాం. శాతంలో చెబితే 99.5 శాతం చచ్చాయి, వినడానికి ఎంతో బాగుంది. లాగ్‌లో, అంటే పదికి ఎన్నో ఘాతమో చెప్పే లెక్కలో, చూస్తే 5.92 నుంచి 3.62కి తగ్గింది, తేడా 2.3. ఇంకా నాలుగు వేల పైచిలుకు మిగిలాయన్న సంగతి శాతం దాచేస్తుంది. ఫలితాలు లాగ్‌లోనే రాయండి.

లెక్కపెట్టేవాళ్లకి ఏ ప్లేటు ఏ మందుదో తెలియకూడదు. మీరు నంబర్లు మాత్రమే వేసి, జూనియర్‌కో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌కో ఇవ్వండి. గ్రూపుల్ని పోల్చడానికి, అంకెలు గంట ఆకారంలో సర్దుకుంటే అనోవా పరీక్ష, లేకపోతే క్రుస్కల్ వాలిస్ పరీక్ష. పరీక్షలు మొదలుపెట్టక ముందే స్టాటిస్టిక్స్ వాళ్లని కలవండి, అయ్యాక కాదు.

ఇది కుర్చీ దగ్గరికి ఎలా వస్తుంది

ఏడో రోజున క్లోర్‌హెక్సిడిన్ జెల్ గెలిచిందనుకోండి. రేపటి నుంచి ప్రతి పంటికీ అదే పెట్టేయాలా? నేను పెట్టను. మొదటిసారి చీము పట్టిన పన్నుకి బాగా ఫైలింగ్ చేసి, హైపోక్లోరైట్‌తో బాగా కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ కనీసం వారం ఉంచుతాను. పది నిమిషాలు పెట్టి తీస్తే ప్రయోజనం లేదని, వారం పెడితే ఫలితం ఉందని 1991లో షోగ్రెన్ బృందం రోగుల్లోనే చూపించింది. పాత రూట్ కెనాల్ విప్పి మళ్లీ చేసేటప్పుడు, ఫీకాలిస్ అనుమానం ఉంటే, క్లోర్‌హెక్సిడిన్ వైపు మొగ్గుతాను. యాంటీబయాటిక్ పేస్ట్‌ని వేరు పెరగని పిల్లల పళ్లకి దాచుకుంటాను.

ఇంకో లెక్క ల్యాబులో ఉండదు. జులై, ఆగస్టుల్లో లంక గ్రామాల నుంచి వచ్చే పేషెంట్లకి వారం తర్వాత రమ్మంటే కుదరదు. ఒక మామ్మగారికి దవడ పన్నులో మందు పెట్టి డేట్ రాసిస్తుంటే చెప్పింది: "ఆయ్, వస్తానండి. కానీ గోదారి పెరిగితే పంటు పడవ ఆపేస్తారండి. తగ్గాకే వస్తాను." అలాంటప్పుడు వారానికి గెలిచే మందు కన్నా మూడు నాలుగు వారాలు లోపల ఉన్నా నష్టం లేని మందు కావాలి. కాల్షియం హైడ్రాక్సైడ్ అందుకు సరిపోతుంది, నెలల తరబడి వదిలేయనంత వరకు. అంతకన్నా ముఖ్యం పైన వేసే సీలు. టెంపరరీ సిమెంట్ 4 మిల్లీమీటర్ల మందం ఉందో లేదో ప్రోబ్‌తో కొలిచి, ఎక్కువ రోజులు పడుతుందనుకుంటే దాని పైన గ్లాస్ అయానమర్ పొర వేయండి. సీలు కారితే లోపల ఏ మందున్నా లాలాజలంతో పాటు కొత్త క్రిములు దిగిపోతాయి.

మామ్మగారు ఇరవై నాలుగో రోజు వచ్చింది. సీలు చెక్కు చెదరలేదు. మందు తీసి కడిగి పేపర్ పాయింట్ పెడితే పొడిగా వచ్చింది, వాసన లేదు. ఆ రోజే నింపేశాను. మీకు పేపర్ పాయింట్ తడిగా వస్తే వెంటనే మందు మార్చాలని చూడకండి. ముందు ఎక్స్‌రే మళ్లీ చూడండి. కింది దవడ పన్నులో వెనక వేరులోని రెండో కెనాల్, పై దవడ పన్నులో చెంప వైపు ముందు వేరులోని రెండో కెనాల్ వదిలేశామేమో వెతకండి. పన్నులో చీలిక ఉందేమో రంగు వేసి చూడండి. అవన్నీ లేవని తేలాక మళ్లీ ఫైలింగ్ చేసి, మళ్లీ కడిగి, అప్పుడు వేరే మందు గురించి ఆలోచించండి.